పవర్ వీడర్‌కి ఇంటి దగ్గరే కొత్త ఇంజను బిగించుకోవడం

గుంటూరు చుట్టుపక్కల మిర్చి, పత్తి సాళ్ల మధ్య కలుపు తీసే పెట్రోలు పవర్ వీడర్లలో చాలావాటికి ఉండేది ఒకే తరహా ఇంజను. 7 హెచ్‌పీ, ఒక్క సిలిండరు, గాలితో చల్లబడే ఫోర్ స్ట్రోక్. ఒంటి మీద 208 సీసీ అనో 212 సీసీ అనో, 170ఎఫ్ అనో రాసుంటుంది. హోండా జీఎక్స్200 నమూనాలో తయారయ్యేవే ఇవన్నీ. అందువల్ల కంపెనీ మారినా కింది బోల్టుల కన్నాల మధ్య దూరం దాదాపు ఒకటే ఉంటుంది. గేరుబాక్సు, బ్లేడ్లు, హ్యాండిలు గట్టిగా ఉండి ఇంజను ఒక్కటే పోతే ఆ బండిని తుక్కు కింద అమ్మేయనక్కర్లేదు. పానాలు పట్టడం తెలిసినవాళ్లు ఇంటి దగ్గరే కొత్తది బిగించుకోవచ్చు. ఇక్కడ చెప్పేది బెల్టుతో నడిచే వీడరు గురించి. గేరుబాక్సుకి నేరుగా అతికించే రకం గురించి చివర్లో కొంత ఉంది.

ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. నిజంగా ఇంజనే పోయిందా? పోతే ఎందుకు పోయింది? ఈ రెండో ప్రశ్నకు జవాబు దొరక్కుండా కొత్త ఇంజను తెచ్చి పెడితే అదీ పాతదాని దారిలోనే పోతుంది.

నిజంగా ఇంజనే పోయిందా

తాడు లాగితే కదలడం లేదంటే వెంటనే ఇంజను లోపల బిగుసుకుపోయి సీజ్ అయిందనుకోవద్దు. బెల్టులు తీసేసి మళ్లీ లాగండి. ఇప్పుడు తిరిగితే దోషం గేరుబాక్సులోనో, బ్లేడ్ల ఇరుసుకి చుట్టుకున్న తీగలోనో ఉంది. డ్రిప్పు పైపు ముక్కలు, మల్చింగ్ షీటు పీలికలు చుట్టుకుని ఇరుసు బిగుసుకుపోవడం మామూలే.

తాడు తిరుగుతుంది కానీ స్టార్ట్ కాదు అన్నప్పుడు ప్లగ్గు విప్పి, దాని టోపీ తొడిగి, లోహపు భాగం ఇంజను ఒంటికి ఆనించి తాడు లాగండి. పెట్రోలు ట్యాంకు మూత, కొళాయి మూసి ఉండాలి, ప్లగ్గు కన్నానికి దూరంగా ఆనించాలి. మెరుపు రాకపోతే ఆయిల్ సెన్సారు తీగ ఒకసారి ఊడదీసి చూడండి. క్రాంక్‌కేసు (ఆయిల్ ఉండే కింది భాగం) పక్కనుంచి బయటికొచ్చే ఆ తీగ చాలా ఇంజన్లలో పసుపు రంగులో ఉంటుంది. ఆయిల్ తగ్గినప్పుడు మెరుపు పుట్టించే కాయిల్‌ని అర్థింగ్ చేసి ఇంజను ఆపేయడం దాని పని. సెన్సారు చెడితే ఆయిల్ నిండుగా ఉన్నా మెరుపు రానివ్వదు. తీగ ఊడదీయగానే మెరుపొస్తే మార్చాల్సింది సెన్సారే.

మెరుపుండి కూడా అంటుకోకపోతే కార్బొరేటరు చూడండి. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. మిర్చి కోతలయ్యాక ట్యాంకులో పెట్రోలు ఉంచేసి మళ్లీ తొలకరిదాకా షెడ్డులో పడేస్తే ఫ్లోటు గిన్నెలో తుప్పు, జిగురు పట్టి పెట్రోలు వెళ్లే జెట్టు కన్నం మూసుకుపోతుంది. ఇది కార్బొరేటరు క్లీనరుతో, సన్నటి తీగతో పోయే జబ్బు.

అసలైన చావులు మూడు. మొదటిది దుమ్ము. ఎయిర్ ఫిల్టరు తీసి దాని వెనక, కార్బొరేటరు నోట్లో వేలు పెట్టి రాయండి. వేలికి గరుకుగా తగిలితే దుమ్ము లోపలికి వెళ్లిపోయింది, బోరు, రింగులు అరిగిపోయాయి. నీలం పొగ, ఆయిల్ తాగడం, తాడు లాగితే ఎదురు లేకుండా తేలిగ్గా వచ్చేయడం దాని గుర్తులు. ఎండాకాలం నల్లరేగడి పొడి దుమ్ము మహా మెత్తన. చినిగిన ఫోము ఫిల్టరు దాన్ని ఆపలేదు. రెండోది ఆయిల్ అందకపోవడం. ఈ ఇంజన్లలో ఆయిల్ పంపు ఉండదు. పిస్టనుని క్రాంకుతో (ఇంజను లోపల తిరిగే ఇరుసుతో) కలిపే కనెక్టింగ్ రాడ్డు కింద ఉండే చిన్న గరిటె లాంటి ముక్క క్రాంక్‌కేసులోని ఆయిల్ని చిమ్మితేనే బేరింగులకు తడి తగులుతుంది. ఆయిల్ తక్కువైనా, గట్టు మీద బాగా వాలుగా నడిపినా ఆ గరిటెకి ఆయిల్ అందదు. నిమిషాల్లో రాడ్డు క్రాంకుకి పట్టేస్తుంది, లేదా విరిగి బ్లాకుకి కన్నం పెడుతుంది. మూడోది వేడి. తాడు స్టార్టరు జాలీకి చెత్త, తడి మట్టి అడ్డంపడితే ఫ్యాను గాలి సిలిండరు రెక్కలకు చేరదు.

వీటిలో ఏదో తేలాక దాని తాలూకు వస్తువు కూడా కొత్త ఇంజనుతోపాటే మార్చాలి. దుమ్ముతో పోయి ఉంటే కొత్త ఇంజనుకి ఆయిల్ బాత్ ఫిల్టరు (దుమ్ముని ఆయిల్‌లో పట్టేసే రకం) ఉన్నది అడిగి తీసుకోవడం మేలు. ఒక్క మాట. బోరు, పిస్టను మాత్రమే అరిగి, క్రాంకు బాగుంటే పిస్టను కిట్టు, బోరింగ్ పనితో సరిపెట్టుకోవచ్చు. క్రాంకు పిన్ను మీద గీతలు పడినా, బ్లాకు పగిలినా మాత్రం బాగుచేయించే ఖర్చు కొత్త ఇంజనుకి దగ్గరపడుతుంది. అప్పుడు మార్చుకోవడమే తెలివైన పని.

కొనేముందు కొలతలు

ఇంజను మార్పిడిలో జరిగే నష్టాల్లో ఎక్కువ భాగం దుకాణంలోనే జరుగుతాయి. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, షాఫ్టు దగ్గర తేడా వస్తుంది. వెర్నియర్ కాలిపరు పట్టుకుని పాత ఇంజను షాఫ్టు (పుల్లీ ఎక్కే ఇరుసు) కొలవండి. ఈ తరహాలో 19.05 మిల్లీమీటర్ల షాఫ్టు, అంటే ముప్పావు అంగుళం, ఒకటి ఉంది. 20 మిల్లీమీటర్లది ఇంకోటి ఉంది. 20 మి.మీ. షాఫ్టుకి ముప్పావు అంగుళం పుల్లీ ఎక్కనే ఎక్కదు కాబట్టి తప్పు వెంటనే తెలిసిపోతుంది. అసలు ప్రమాదం దీనికి తిరగబడ్డప్పుడు. ముప్పావు షాఫ్టుకి 20 మి.మీ. పుల్లీ సులువుగా ఎక్కేస్తుంది, స్క్రూ బిగిస్తే గట్టిగానే ఉన్నట్టుంటుంది. కానీ దాదాపు ఒక మిల్లీమీటరు ఆట ఉండిపోతుంది. నాలుగు గంటలు నడిచేసరికి పుల్లీ ఊగి, కీ (పుల్లీని షాఫ్టుకి పట్టి ఉంచే చిన్న ఇనుప ముక్క) నలిగి, షాఫ్టు గాడి పాడైపోతుంది.

కీ వెడల్పు కూడా కొలవాలి. ముప్పావు షాఫ్టుకి సాధారణంగా 3/16 అంగుళం కీ వస్తుంది, అది 4.76 మి.మీ. 5 మి.మీ. కీని ఆకురాయితో రాసి దూర్చినా పని జరుగుతుంది కానీ పద్ధతి కాదు, సరైనదే కొనండి. షాఫ్టు బయటికొచ్చిన పొడవు, చివర బోల్టు మర కూడా చూసుకోవాలి. ముప్పావు షాఫ్టు చివర్లో ఉండేది 5/16 యూఎన్ఎఫ్ (అంగుళాల లెక్క సన్న) మర, అంగుళానికి 24 చుట్లు. 8 మి.మీ. బోల్టు చూడ్డానికి దానిలాగే ఉండి రెండు చుట్లు ఎక్కుతుంది కూడా. ఇంకాస్త బలం పెడితే షాఫ్టు మర మొత్తం చెడిపోతుంది.

నీళ్ల పంపుల ఇంజన్లకు షాఫ్టు మీద మర ఉంటుంది, జనరేటర్ల ఇంజన్లకు షాఫ్టు కోసుగా ఉంటుంది. ధర తక్కువని ఇవి తెస్తే వీడరుకి పనికిరావు. షాఫ్టు సగం వేగంతో తిరిగేలా గేరు ఉన్న ఇంజన్లూ ఉన్నాయి. పాతది మామూలు షాఫ్టు అయితే కొత్తదీ మామూలుదే ఉండాలి, లేకపోతే బ్లేడ్లు సగం వేగంతోనే తిరుగుతాయి.

కింది బోల్టుల కన్నాల దూరం ఈ తరహాలో సుమారు 162 మి.మీ. పొడవు, 75.5 మి.మీ. వెడల్పు. పాతది కొలిచి కాగితం మీద రాసుకుని వెళ్లండి. దిమ్మ (ఇంజను కూర్చునే చోటు) నుంచి షాఫ్టు మధ్యకి ఎత్తు కూడా రాసుకోండి. చివరగా, సైలెన్సరు, ఎయిర్ ఫిల్టరు ఏ వైపు తిరిగి ఉన్నాయో ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. కొత్త ఇంజను సైలెన్సరు హ్యాండిలు తీగల పక్కకి వస్తే వాటి ప్లాస్టిక్ తొడుగు కరిగిపోతుంది.

పుల్లీ కన్నం పెద్దది చేయించాలన్నా, కొత్త కీ గాడి కోయించాలన్నా విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షాపులకు కొదవ లేదు. షాఫ్టు కొలత నోటితో చెప్పొద్దు. ఇంజనే చూపించండి, లేదా కాలిపరు కొలత రాసివ్వండి. పుల్లీ వ్యాసం మాత్రం మార్చించొద్దు. కొత్త ఇంజను బలంగా ఉందని పెద్ద పుల్లీ వేయిస్తే గేరుబాక్సు దాని హద్దు దాటి తిరిగి, పళ్లు రాలిపోతాయి.

దగ్గర పెట్టుకోవాల్సినవి: 10, 12, 13, 14 నంబరు పానాలు, 21 నంబరు ప్లగ్గు పానా, ఎల్ కీల సెట్టు, మూడు కాళ్ల పుల్లరు, ఫీలర్ గేజి (సన్నటి గ్యాపులు కొలిచే రేకులు), 8.8 అని తల మీద బలం గుర్తు అచ్చు ఉన్న 8 మి.మీ. బోల్టులు నాలుగు, నైలాన్ నట్లు, వాషర్లు, కొత్త బెల్టులు, ఒక లీటరు ఇంజనాయిల్, తుప్పు వదిలించే స్ప్రే. రెండు బెల్టులుండే బండికి రెండూ ఒకేసారి, ఒకే కంపెనీవి మార్చాలి. పాతదాని పక్కన కొత్తది వేస్తే బరువంతా కొత్తదాని మీదే పడి ముందు అదే తెగుతుంది.

పాతది దించడం

ముందురోజే బండిని కడిగి ఆరబెట్టండి, ఇంజనుకీ కార్బొరేటరుకీ నీళ్లు తగలకుండా. దిమ్మ బోల్టులకు స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. మట్టి, ఎరువు మందులు తగిలే బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి, బలవంతం చేస్తే తలలు విరుగుతాయి.

పని మొదలుపెట్టేటప్పుడు ప్లగ్గు టోపీ ఊడదీయడం మొదటిది. పెట్రోలు కొళాయి మూసి, ట్యాంకు ఖాళీ చేయండి. బీడీ, సిగరెట్టు, పొయ్యి దగ్గర్లో ఉండకూడదు. ఆయిల్ ఒక డబ్బాలోకి దించండి, పొలంలోకీ కాలవలోకీ పోయొద్దు. దించిన ఆయిల్‌లో మెరిసే లోహపు రజను కనిపిస్తే రాడ్డు, బేరింగు పోయినట్టు. పాలలాగా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి.

బెల్టు కవరు విప్పాక బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎటు తిరిగిందో, టెన్షను పుల్లీ ఎక్కడుందో ఫొటో తీయండి. యాక్సిలరేటరు తీగ గవర్నరు (ఇంజను వేగాన్ని అదుపులో ఉంచేది) పలకకు తగులుకున్న చోటు, ఆఫ్ స్విచ్చి నల్ల తీగ కలిసిన చోటు కూడా తీయండి. ఈ మూడు ఫొటోలుంటే తిరిగి బిగించేటప్పుడు తడుముకోనక్కర్లేదు. బెల్టులు, తీగలు విడదీసి నాలుగు బోల్టులు తీసేస్తే ఇంజను చేతికొస్తుంది. బరువు 16 కిలోల చుట్టూ ఉంటుంది. ట్యాంకు పట్టుకుని ఎత్తొద్దు, దాని బిగింపులు ఆ బరువు మోయవు. కింద దిమ్మ, సైలెన్సరు వైపు ఒక చెయ్యి పెట్టి ఎత్తాలి.

పుల్లీ తీయడం ఈ పనంతటికీ గట్టి ఘట్టం. చివరి బోల్టు విప్పండి. పుల్లీ మెడ మీద ఎల్ కీ స్క్రూ ఉంటుంది, చాలాసార్లు రెండుంటాయి. ఒకటి కీ మీద, రెండోది దానికి 90 డిగ్రీల దూరంలో మట్టి కింద దాక్కుని ఉంటుంది. రెండోది విప్పకుండా పుల్లరు బిగిస్తే పుల్లీ పగులుతుంది. చివరి బోల్టుని మళ్లీ నాలుగైదు చుట్లు ఎక్కించి, పుల్లరు మొనను ఆ బోల్టు తల మీద ఆనించండి, షాఫ్టు మర చెడకుండా ఉంటుంది. పుల్లరు బిగువు తెచ్చి, స్ప్రే కొట్టి కాసేపు ఆగి, మళ్లీ పావు చుట్టు తిప్పండి. అలా నిదానంగా వస్తుంది. వెనకనుంచి సుత్తితో కొట్టడం మాత్రం ఒద్దు. పాత ఇంజనైతే పోతే పోయిందనుకోవచ్చు, కానీ పుల్లీ అంచు వంగితే కొత్త ఇంజను మీద అదే ఊగుతుంది.

కొత్తది ఎక్కించడం

ముందు దిమ్మ పలక చూడండి. మట్టి గీకేసి, వెల్డింగు దగ్గర చీలికలున్నాయేమో వెలుగులో పరీక్షించండి. చీలిక ఉంటే ఇప్పుడే వెల్డింగు చేయించండి, ఇంజను ఎక్కించాక చేయిస్తే కరెంటు బేరింగుల గుండా పోయే ప్రమాదముంది. కొత్త ఇంజనుని దిమ్మ మీద పెట్టి నాలుగు మూలలు నొక్కండి. ఏ మూలైనా కదిలితే దాని కింద సన్నటి రేకు ముక్క పెట్టాలి. సమంగా ఆనకుండా బిగిస్తే అల్యూమినియం పాదం విరుగుతుంది. పాదం విరిగిన ఇంజనుకి వారంటీ ఇమ్మని అడగడం కూడా కష్టమే.

పుల్లీ ఎక్కించే ముందు షాఫ్టుని సన్నటి గరుకు కాగితంతో తుడిచి, పలచగా గ్రీజు రాయండి. కీ గాడిలో చేత్తో నొక్కితే కూర్చోవాలి, పక్కకి ఆట ఉండకూడదు. మేకు ముక్క కోసి కీలాగా వాడే అలవాటుంటే మానుకోండి, మెత్తటి ఇనుము ఒక్క రాయి తగిలితే తెగిపోతుంది. పుల్లీని చేత్తో తోసి ఎక్కించండి. ఎక్కకపోతే గాడి అంచు ఆకురాయితో సవరించండి. సుత్తి దెబ్బ నేరుగా క్రాంకు బేరింగులకే తగులుతుంది.

బోల్టులు వేలితో తిప్పినంత బిగువులో ఉంచి, ఇప్పుడు పుల్లీల వరస చూడాలి. ఒక పురికొస తీసుకుని గేరుబాక్సు పుల్లీ ముఖం మీదుగా ఇంజను పుల్లీ ముఖం దాకా లాగి పట్టండి. రెండు పుల్లీల ముఖాల మందం ఒకటే అయితే తాడు నాలుగు చోట్లా తాకాలి: గేరుబాక్సు పుల్లీ రెండంచులు, ఇంజను పుల్లీ రెండంచులు. మూడు చోట్లే తాకితే ఇంజను మెలికపడి కూర్చుంది, దిమ్మ మీద కొద్దిగా తిప్పాలి. ఒక పుల్లీని అసలు తాకకపోతే ఇంజను పుల్లీని షాఫ్టు మీద లోపలికో బయటికో జరపాలి. ఈ వరస కుదరకపోతే బెల్టు ఒక పక్క దారాలు లేచి, వారం తిరక్కముందే తెగుతుంది. ఇక్కడ అరగంట పట్టినా పట్టనివ్వండి. వరస కుదిరాక బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించి, సుమారు 24 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపండి. మళ్లీ తాడు పెట్టి చూడండి, బిగించేటప్పుడు ఇంజను జరుగుతుంది.

బెల్టు బిగువుకి కొలత ఇది: క్లచ్ లీవరు నొక్కి పట్టుకుని, రెండు పుల్లీల మధ్య భాగంలో బొటనవేలితో నొక్కితే, మధ్య దూరం 40 సెంటీమీటర్లయితే 6 మి.మీ. దాకా దిగాలి. లీవరు వదిలితే బెల్టు పూర్తిగా వదులై, తిరుగుతున్న ఇంజను పుల్లీ మీద ఊరికే ఉండాలి. వదిలాక కూడా బ్లేడ్లు తిరుగుతుంటే టెన్షను ఎక్కువైంది. వదిలితే ఆగని బ్లేడ్లు కాళ్లు తీస్తాయి, అందుకని ఈ ఒక్కటి సరిచేయకుండా పొలంలోకి దించొద్దు.

యాక్సిలరేటరు తీగ తగిలించి, లీవరు పూర్తిగా లాగితే పలక తన అడ్డుకి తగులుతోందో లేదో, వదిలితే వెనక్కి వచ్చి నిలుస్తోందో లేదో చూడండి. గవర్నరు స్ప్రింగు, దాని స్క్రూ జోలికి పోవద్దు. ఈ ఇంజను బలం లెక్కగట్టింది నిమిషానికి 3600 చుట్ల దగ్గర. దాన్ని బాగా దాటిస్తే కనెక్టింగ్ రాడ్డు విరిగే ప్రమాదముంది. ఆఫ్ స్విచ్చి నల్ల తీగ ఎక్కడైనా ఇనుముకి తగిలితే మెరుపు రాదు, జాయింటుకి టేపు చుట్టి తీగను చట్రానికి కట్టేయండి.

మొదటి స్టార్టింగ్

కొత్త ఇంజన్లు ఆయిల్ లేకుండానే పెట్టెలో వస్తాయి. లోపల కాస్త తడి కనిపించినా అది ఫ్యాక్టరీ పరీక్షలో మిగిలింది, సరిపోదు. సుమారు 600 మిల్లీలీటర్లు పడుతుంది. మన ఎండలకు 15డబ్ల్యూ-40 సరిపోతుంది, 10డబ్ల్యూ-30 కూడా పోయవచ్చు. ఇంజను చదునుగా ఉన్నప్పుడు కొలిచే పుల్లని మర తిప్పకుండా దించి చూడండి, ఆయిల్ నింపే రంధ్రం అంచుదాకా ఉండాలి.

స్టార్ట్ చేయకముందే, ఇంజను చల్లగా ఉన్నప్పుడే వాల్వుల గ్యాపు చూడటం మంచిది. ఈ తరహాకి ఇన్‌లెట్ 0.15 మి.మీ., ఎగ్జాస్ట్ 0.20 మి.మీ. ప్లగ్గు గ్యాపు 0.7 నుంచి 0.8 మధ్య. కొత్త ఇంజన్లలో ఇవి కొంచెం అటూఇటుగా వస్తుంటాయి.

బెల్టు వదిలి, చోక్ మూసి, కొళాయి తెరిచి తాడు లాగండి. అంటుకున్నాక చోక్ నెమ్మదిగా తెరిచి, ఐదు నిమిషాలు తక్కువ వేగంలో వదిలేయండి, ఆరుబయటే, షెడ్డులో తలుపులు వేసి కాదు. తర్వాత ఆపి, ఆయిల్ మట్టం మళ్లీ చూడండి. మోసుకొచ్చేటప్పుడు ఇంజను పక్కకి ఒరిగి ఉంటే సిలిండరులోకి ఆయిల్ చేరి కాసేపు తెల్లటి పొగ వస్తుంది, కంగారు అక్కర్లేదు. తాడు అసలు కదలకపోతే మాత్రం ప్లగ్గు తీసి, మొహం దూరంగా పెట్టుకుని లాగండి. సిలిండరులో చేరిన ఆయిల్ చిమ్ముకొస్తుంది.

మొదటి గంట నడిపాక దిమ్మ బోల్టులు, పుల్లీ స్క్రూలు మళ్లీ బిగించాలి. ఇది మరిచిపోయినవాళ్ల బండ్లే ఎక్కువగా మళ్లీ మెకానిక్కు దగ్గరికి చేరతాయి. మొదటి 20 గంటలకు ఆయిల్ మార్చేయండి, దాంట్లో కొత్త రింగుల అరుగుడు రజను ఉంటుంది. ఆ 20 గంటలూ లోతు తక్కువ పెట్టి, తడి నల్లరేగడిలోకి దించకుండా, పొడి తేలిక భూమిలో నడిపితే రింగులు బాగా కుదురుకుంటాయి. తర్వాత మామూలుగా 100 గంటలకొకసారి మార్చుకోవచ్చు, దుమ్ము ఎక్కువైతే ఇంకా ముందే. ఎయిర్ ఫిల్టరు మాత్రం పొలం నుంచి వచ్చిన రోజల్లా తీసి చూడాలి.

నడిపేటప్పుడు వచ్చే తిప్పలు

బ్లేడ్లు నేలలో పడగానే ఇంజను ఆగిపోతుంటే ముందు ట్యాంకు మూత వదులు చేసి నడపండి. బాగా నడిస్తే మూతలోని గాలి కన్నం మూసుకుంది. లేకపోతే జెట్టు చూడాలి. ఇంజను బాగా తిరుగుతూ బ్లేడ్లు ఆగి రబ్బరు కాలిన వాసన వస్తే బెల్టుకి ఆయిల్ అంటింది, లేదా బిగువు చాలలేదు. బెల్టు తీసేసినప్పుడు తగ్గే వణుకు పుల్లీ ఊగుతున్నందువల్లో, వంగిన బ్లేడు వల్లో వస్తుంది. బెల్టు తీసినా తగ్గని వణుకైతే దిమ్మ బోల్టులు వదులయ్యాయి, లేదా క్రాంకు వంగింది. తాడు లాగినప్పుడు చేతిని గట్టిగా వెనక్కి గుంజితే ఫ్లైవీల్ కీ తెగి ఉంటుంది. బ్లేడ్లు రాయికి తగిలి ఇంజను ఒక్కసారిగా ఆగినప్పుడు అలా జరుగుతుంది.

గేరుబాక్సుకి నేరుగా అతికే రకంలో పుల్లీ, బెల్టుల గొడవ లేదు, కానీ షాఫ్టు రకం, ముఖం మీది బోల్టుల వలయం, క్లచ్ హబ్బు కన్నం మూడూ అచ్చంగా కలవాలి. అందుకని పాత ఇంజనుని దుకాణానికే తీసుకెళ్లి పక్కన పెట్టి పోల్చడం తప్ప వేరే దారి లేదు. ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య ఉండే ఆయిల్ సీలు విప్పినప్పుడల్లా కొత్తది వేయాలి. పాత సీలు మళ్లీ వాడితే గేరాయిల్ క్లచ్ మీదికి కారి జారడం మొదలవుతుంది.

పాత ఇంజను వెంటనే అమ్మేయొద్దు. తాడు స్టార్టరు, కాయిల్, సైలెన్సరు, ట్యాంకు మూత, కార్బొరేటరు ఈ తరహా ఇంజన్లలో చాలావరకు ఒకదానివి ఇంకోదానికి సరిపోతాయి. వాటిని విప్పి, ఆయిల్ గుడ్డతో తుడిచి మూటకట్టి పెట్టుకుంటే సీజను మధ్యలో కాయిల్ పోయినప్పుడు పనికొస్తాయి. మిగిలిన బ్లాకు అల్యూమినియం బరువు లెక్కన అమ్ముడుపోతుంది.